తూము లేని నీళ్లు

పోయిన ఎండాకాలమంతా వనపర్తిలో మా ఇంటి ముందునుంచి ట్రాక్టర్లు తిరిగాయి. పక్క ఊరి చెరువులో పూడిక తీసి ఆ నల్లమట్టిని రైతులు పొలాలకు తోలుకుపోతున్నారు. మంచి పనే, ఎవరు కాదన్నారు? కానీ కుదుపుకు జారిపడిన తడిమట్టి పెళ్లలు రోడ్డు మీద ఎండుతూ, నాచు, కుళ్లిన తామర తూడు, చచ్చిన నత్తలు, చేప పొలుసు అన్నీ కలిసిన వాసనను నేరుగా నా వంటింట్లోకి పంపేవి. మనవరాలు ముక్కు మూసుకునేది, నేను తలుపులు మూసుకునేదాన్ని. కంపు కొట్టినందుకు కాదు. ఆ వాసన ఒకప్పుడు నాకు ప్రాణం, ఇప్పుడు దానిమీద పగ. ఎనభై దగ్గరపడ్డ రిటైర్డ్ పంతులమ్మకు మట్టి మీద పగ ఏమిటని నవ్వుతారు, నవ్వనీండి. మట్టి మీద ఉంది, నీళ్ల మీద ఉంది, అన్నిటికంటే ఎక్కువ సముద్రం మీద ఉంది. సముద్రం చూపిస్తా రమ్మని మనవడు ఒకసారి టికెట్లు కొనబోతే, ఆ పేరు మళ్లీ ఎత్తితే నీ ఇంట్లో అన్నం ముట్టనని చెప్పాను.

మా ఊరు పెద్దమందడికి రెండు కోసుల దూరం. ఊరికి తూర్పున చెరువు, ఆ చెరువుకు మా నాయిన తిమ్మప్ప నీరటి. నీరటి అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. తూము ఎప్పుడెత్తాలి, ఎంతెత్తాలి, ఏ పొలానికి ఎంతసేపు నీళ్లు పారాలి, కట్టకు ఎక్కడ ఎలుక బొరియ పడింది, వానాకాలం అలుగు మీద నీళ్లు ఎంత ఎత్తున దూకుతున్నాయి, ఇవన్నీ చూసే మనిషి. మా తాత నీరటి, ఆయన తండ్రి నీరటి. నాయిన చేతిలో ఎప్పుడూ ఆయన ఎత్తుకు మించిన వెదురుకట్టె ఒకటి ఉండేది, నిద్రపోతే అది మంచం పక్కన నిలబడి ఉండేది. ఊళ్లో మాకు భూమి లేదు, పశువు లేదు, పెద్దమనిషి అని పిలిచేవాళ్లు లేరు. కానీ నీళ్ల విషయంలో నాయిన ఒక మాటంటే దొర కూడా మారు మాట్లాడేవాడు కాదు.

ఆ మాటకు ఒక రోజు ఉండేది. మృగశిర కార్తె రావడానికి ముందు, ఎండలు ఇక మండలేనంతగా మండి, చెరువు అడుగున నాలుగు గుంటల్లో మాత్రం నీళ్లు మిగిలి, కొంగలు కట్ట మీదనుంచి లేవడం మానేసిన రోజుల్లో, చేపలు పట్టుకోవడానికి చెరువును ఊరికి ఇడిచిపెట్టేవాళ్లు. ఆ పొద్దున ఊరు ఊరంతా గంపలు, చేపను మూసి పట్టే వెదురు ఊతలు, చిల్లులు పడ్డ జల్లెళ్లు, పాత చీరలు పట్టుకుని కట్ట మీద బారులు తీరి నిలబడేది, ఆకలితో ఏడ్చే పిల్లలు, తోసుకునే ఆడవాళ్లు, ముందు కాలు ఎవరు పెడతారోనని ఒకళ్లనొకళ్లు గుర్రుగా చూసుకునే మగవాళ్లు. కానీ నీరటి పిలిచేదాకా ఒక్క కాలు దిగకూడదు. నాయిన ఒక్కడే దిగి, కట్టెతో అడుగడుగునా బురద పొడుచుకుంటూ, ఎక్కడ మోకాళ్లలోతు దిగబడుతుంది, ఎక్కడ మనిషిని మింగుతుంది అని చూసి, పిడికెడు మట్టి తీసి వాసన చూసి, మళ్లీ కట్టెక్కి, ఊరివైపు తిరిగి, రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని పిలిచేవాడు.

"చెరువు ఇడిసినమో... రాండ్రో... రాండ్రీ!"

మూడుసార్లు. మూడోది అయ్యేసరికి కట్ట ఖాళీ. ఆ తర్వాత నాలుగు రోజులు ఊళ్లో ఏ ఇంట్లో చూసినా కొర్రమట్టలు, జెల్లలు, పరకలు, మామిడికాయ వేసి వండిన పులుసు, జొన్నరొట్టె మీద ఎర్రటి నూనె. ఇళ్ల కప్పుల మీద ఎండబెట్టిన చేపలకు మా జేజి, అంటే నాయిన తల్లి, నోట్లో చుట్ట అడ్డం పెట్టుకుని, కట్టె ఊపుతూ, కాకుల ఏడు తరాలను తిడుతూ కాపలా ఉండేది. ఊరంతా ఆ మట్టివాసన, ఆ నీచు వాసన. అది మాకు పండుగ వాసన.

ఆ పిలుపు నాకు అచ్చంగా వచ్చేది. ఎట్లా వచ్చిందో తెలియదు, సన్నటి గొంతుతోనే కానీ ఎక్కడ సాగదియ్యాలో, ఎక్కడ విరవాలో, అంతా నాయినలాగే. అచ్చనగండ్లు ఆడుతూ ఆడుతూ మధ్యలో లేచి పిలిచేదాన్ని. మా పక్కింటి జములమ్మ నా ఈడుదే, అది పొట్ట పట్టుకుని నవ్వేది. ఒకసారి అమ్మ విని వీపు మీద రెండు ఇచ్చింది. "అది ఆట గాదే లచ్చీ, దొంగపిలుపు పిలిస్తే మనుషులు బురదల దిగి సస్తరు" అంది. నాయిన మాత్రం మీసంలో నవ్వుకున్నాడు. ఆయన అప్పుడే నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

నాకు ఆరేళ్లు నిండిన ఏడు వానలు లేవు. ఆ మరుసటేడూ లేవు. చెరువు అడుగు పగుళ్లు బారింది, నీళ్లే లేని ఊళ్లో నీరటికి ఏం పని? వనపర్తినుంచి మస్తాన్ మేస్త్రీ వచ్చాడు. రాతిపనికి, కట్టపనికి మనుషులను తీసుకుపోయే మేస్త్రీ. నేను ఆయన్ను మస్తాన్ చిన్నాయినా అనేదాన్ని, పీర్ల పండుగకు వాళ్ల ఇంటినుంచి మా ఇంటికి బెల్లం కలిపిన మలీద వచ్చేది. సముద్రం ఒడ్డున రాతికట్ట కడుతున్నారనీ, తెల్లవాళ్ల యుద్ధం కోసం మొదలుపెట్టిన పని యుద్ధం అయిపోవచ్చినా ఆగలేదనీ, చెరువుకట్టలు కట్టిన చేతులకు అది ఎంత పనీ అనీ చెప్పాడు. మా ఊరినుంచి పది కుటుంబాలు బయలుదేరాయి. జములమ్మ వాళ్లూ వచ్చారు, దాని అమ్మ ఎంకటమ్మ, నాయిన బాలయ్య. జేజి మాత్రం కాకులకు తానే దిక్కన్నట్టు ఊళ్లోనే ఉండిపోయింది.

ఎన్ని రైళ్లు మారామో నాకు గుర్తులేదు. కరాచీలో దిగి, అక్కడనుంచి ఓడలో ఒక పగలు, ఒక రాత్రి, అందరం వాంతులు చేసుకుంటూ పడమటికి పోయాం. దిగిన చోట చెట్టన్నది లేదు. బూడిదరంగు గుట్టలు, ఉప్పుగాలి, ఒంటెలు, ఒడ్డున కొన్ని చేపలవాళ్ల గుడిసెలు, తాగే నీళ్లకు బారులు. వెలుతురు ఎంత తెల్లగా ఉండేదంటే కళ్లు విప్పితే నొప్పి పుట్టేది. రొట్టెలో ఇసుక, తలలో ఇసుక, పళ్ల మధ్య ఇసుక. సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు నాయిన కట్టె పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. "దీనికి కట్ట లేదు, తూము లేదు, అలుగు లేదు. ఎవడు సూస్కుంటడు దీన్ని?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

ఆ చేపలవాళ్లకు మేం పడలేదు. మేం రాళ్లు పోస్తే వాళ్ల పడవలు లాగే చోటు పోయింది, ఇక ఎందుకు పడతాం? వాళ్ల ఆడవాళ్లు మమ్మల్ని చూస్తే ఉమ్మేవాళ్లు, పిల్లలు రాళ్లు వేసేవాళ్లు, మేం తిరిగి వేసేవాళ్లం. ఒడ్డున వలలు దులిపితే రాలిన చేపలు ఏరుకోవడానికి పోతే కర్రలతో తరిమేవాళ్లు. మస్తాన్ చిన్నాయిన ఉర్దూ వాళ్లకు సగం కూడా అర్థమయ్యేది కాదు, వాళ్ల మాట మాకు అసలే తెలియదు. కళ్లముందు అంత నీళ్లు, అన్ని చేపలు ఉండి, మేం మాత్రం ఆరు నెలలపాటు పప్పునీళ్లతో గోధుమరొట్టె మింగాం. చేప కోసం మా నోళ్లు ఎంతగా లాగేవో చెప్తే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది, కానీ అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

అక్కడి నేల కూడా మమ్మల్ని సహించలేదు. మేం పోయిన నాలుగో రోజే ఎసరు పెట్టిన కుండ పొయ్యి మీద దానంతటదే గలగలమంది. తర్వాత నెలకోసారో, పదిరోజులకోసారో నేల అదిరేది. కిందనుంచి ఎవరో దూలంతో పొడిచినట్టు ఒక దెబ్బ, కాసేపు వణుకు, మళ్లీ ఏమీ ఎరగనట్టు ఊరుకునేది. చేపలవాళ్ల గుడిసెల వెనక బోడిగుట్ట నెత్తిన ఒక గుంటలో బూడిదరంగు బురద అన్నం కుండలా కుతకుతమంటూ ఉడికేది, చెయ్యి పెడితే మాత్రం చల్లగా ఉండేది. అది ఎక్కువ ఉడికిన రోజు చేపలవాళ్లు పడవలు దింపేవాళ్లు కాదు. మేం వాళ్లను చూసి వెక్కిరించేవాళ్లం. నాయిన ఒక్కడే అప్పుడప్పుడు గుట్ట ఎక్కి ఆ బురదలో కట్టె దించి చూసి, దిగులుగా దిగి వచ్చేవాడు. "ఈ మట్టి నాకు దెల్వదు" అనేవాడు. ఆయన నోట ఆ మాట అంతకుముందు నేను వినలేదు.

చలి మొదలైన నెల అది. ఇంకా తెల్లవారలేదు, నేల మమ్మల్ని పడుకున్నచోటనుంచి ఎత్తి వేసింది. వెనకటి దెబ్బల్లాగా ఇది ఆగలేదు. నిలబడితే పడిపోయాం, కూర్చుంటే దొర్లాం. గుట్టలమీదనుంచి రాళ్లు దొర్లుతున్న చప్పుడు, ఒంటెల అరుపులు, అందరికీ వాళ్ల వాళ్ల దేవుళ్లు గుర్తొచ్చారు. మేం ఉండేది తడికెల పాకల్లో, కాబట్టి మీద పడడానికి ఏమీ లేదు. ఆగిన తర్వాత తలలు లెక్కపెట్టుకుంటే అందరం ఉన్నాం. చేపలవాళ్లు మాత్రం పిల్లలను, బొంతలను, మేకలను ఎత్తుకుని చీకట్లోనే గుట్ట ఎక్కిపోయారు. పోతూ పోతూ మావైపు తిరిగి ఏదో అరిచారు, చేతులు ఊపారు. మమ్మల్ని తిడుతున్నారనుకున్నాం. ఆరు నెలలుగా వాళ్లు మమ్మల్ని చూసి చేసింది అదే కదా. "పోనీ తియ్యి, పీడ పాయె" అన్నాడు బాలయ్య.

రాతికట్ట ఎక్కడ పగిలిందో చూడటానికి నాయిన, మస్తాన్ చిన్నాయిన దీపం పట్టుకుని ఆ కొసకు పోయారు. అమ్మ పొయ్యి రాజేసి పిండి కలుపుతోంది. తూర్పున వెలుగు రేఖ పడుతుండగా నేనూ జములమ్మా ఒంటికి పోవడానికి ఒడ్డువైపు నడిచాం. మొదట నాకు ఏదో లోటుగా తోచింది కానీ ఏమిటో తెలియలేదు, ఆరు నెలలుగా చెవిలో పడిన చప్పుడు లేదు. ఇసుక దిబ్బ ఎక్కి చూస్తే సముద్రం లేదు. ఎక్కడో దూరంగా, కనుచూపు కొసన, ఒక గీత ఉంది. మధ్యలో అంతా నల్లటి తడి నేల, గుంటల్లో నీళ్లు, పక్కకు ఒరిగిన పడవలు, ఆ నేలనిండా తళతళమని ఎగిరి పడుతున్న చేపలు. మూరెడు చేపలు, బారెడు చేపలు. గాలి తిరిగి ఆ వాసన నా మొహాన కొట్టింది. నాచు, బురద, నీచు. మా చెరువు వాసన.

నేను ఆలోచించలేదు. ఆ వయసులో ఎవరు ఆలోచిస్తారు? చేతులు రెండూ వాటంతటవే నోటికి అడ్డం పోయాయి.

"చెరువు ఇడిసినమో... రాండ్రో... రాండ్రీ!"

మూడుసార్లు. ఎప్పుడూ పిలవనంత బాగా పిలిచాను. జములమ్మ నా పక్కనే గంతులేసింది. పాకల్లోనుంచి మావాళ్లు లేచి వచ్చారు, ఎంకటమ్మ అందరికంటే ముందు. ఎవరు పిలిచారని ఎవరూ అడగలేదు. ఒడ్డువైపునుంచి నీరటి పిలుపు వచ్చింది, ఇంకేం కావాలి? మట్టి మోసే గంపలే చేపల గంపలయ్యాయి. రాత్రి భయం, ఆరు నెలల ఇసుక, ఉమ్ములు, రాళ్లు అన్నీ మరచిపోయి, చీరలు ఎగదోపుకుని, నవ్వుకుంటూ, తోసుకుంటూ దిగారు. చేపలవాళ్లు లేరు కాబట్టి ఈ పొద్దు మనదే అన్న పంతం కూడా అందరి మొహాల్లో ఉంది. మా మనుషులు అంత సంతోషంగా ఉండగా నేను మళ్లీ చూడలేదు. నేను గుంటల వెంబడి పరుగెత్తి చేతికందింది పట్టుకుంటున్నాను, జములమ్మ ఇసుక దిబ్బ దగ్గర వాళ్ల అమ్మ కుమ్మరించిన చేపల కుప్పకు కాపలా కూర్చుంది.

నాయిన ఆ కొసనుంచి పరుగెత్తి రావడం చూశాను. కట్టె గాలిలో తిప్పుతూ, పడుతూ లేస్తూ వస్తున్నాడు. గొంతు చినిగిపోయింది. "ఎనక్కి రాండ్రి! ఎనక్కి! తూము లేని నీళ్లు ఎట్ల పోతయ్‌ర? ఎటు పోతయ్? మల్ల వస్తయ్‌ర!" దగ్గరున్నవాళ్లు కొందరు ఆగారు, కొందరు తిరిగారు. దూరం పోయినవాళ్లకు నీరటి చెయ్యి ఊపడం కనిపించింది, అది ఇంకా ముందుకు రమ్మనడమే అనుకున్నారు. నన్ను వెనకనుంచి ఎవరో జుట్టు పట్టి గుంజారు. మమ్మల్ని చూస్తే రోజూ ఉమ్మే చేపలవాళ్ల ముసలామె. గుట్ట సగం దిగి వచ్చింది. ఒక చేత్తో నా జుట్టు, ఒక చేత్తో జములమ్మ రెక్క పట్టుకుని, తిడుతూ, తన్నుతూ పైకి ఈడ్చింది. ఆ తిట్లలో ఒక్కటీ నాకు అర్థం కాలేదు. ఆమెను నేను కరిచాను కూడా.

సముద్రం పడగెత్తి వచ్చిందని కథల్లో చెప్తారు. అదంతా ఏమీ లేదు. చెరువుకట్ట ఒకటి లేచి నడిచి వస్తున్నట్టు, నురగ కూడా లేకుండా, మట్టిరంగులో, తొందర లేకుండా వచ్చింది. పడవలను తిప్పి వేసింది, పాకలను ఊడ్చింది, మేం కట్టిన రాతికట్ట మీదనుంచి అది అక్కడ లేనట్టే పోయింది. అమ్మ పిండి చేతులతోనే, మస్తాన్ చిన్నాయిన ఆ కొసనుంచి నేరుగా, గుట్టకు పరుగెత్తారు. నాయినను నీళ్లు గుట్ట మొదటికి విసిరి కొట్టి, కట్టె మాత్రం తీసుకుపోయాయి. మా ఊరివాళ్లు తొమ్మిది మంది తిరిగి రాలేదు. జములమ్మ వాళ్ల అమ్మ ఎంకటమ్మ అందులో ఉంది.

పగలంతా నీళ్లు వస్తూ పోతూనే ఉన్నాయి. సాయంత్రం గుట్ట మీద, చేపలవాళ్లు ఇచ్చిన మేకపాలు పిల్లల గొంతులో పోస్తూ, మావాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకోవడం మొదలుపెట్టారు. బాలయ్య లేచి నాయిన ముందు నిలబడ్డాడు.

"పిలిసిందెవరు?"

నాయిన నావైపు చూశాడు. ఒక్క చూపే. ఆయనకు తెలుసు, తన పిలుపు ఇంకెవరి గొంతులోనూ అట్లా పలకదని. నా నోరు తెరుచుకోబోయింది, అమ్మ పిండి ఎండిన చెయ్యి వచ్చి దాని మీద పడింది.

"నేనే పిలిసిన" అన్నాడు నాయిన.

మస్తాన్ చిన్నాయిన తల ఎత్తాడు. ఆ సమయానికి నాయిన తన పక్కనే కట్ట కొసన ఉన్నాడని ఆయనకు తెలుసు. నాయిన ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, ఆయన తల దించుకున్నాడు. బాలయ్య నాయిన మొహం మీద ఉమ్మాడు. నేను జములమ్మవైపు చూశాను. నేను పిలిచినప్పుడు నా పక్కన గంతులేసింది అదే కదా. ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అని ఎదురుచూశాను. అది నేలకేసి చూస్తూ కూర్చుంది.

ఊరికి వచ్చాక నాయినకు జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది. ఆ ఏడు వానలు పడ్డాయి, చెరువు నిండింది. నీరటి పని ఆయన చేతిలోంచి తీసేశారు. ఎండాకాలం చెరువు ఇడిచే రోజు కట్ట మీద ఊరంతా నిలబడి ఉండగా, ఎంకటమ్మ తమ్ముడు ఇంకొకడి చేతికి కొత్త కట్టె ఇచ్చాడు. వాడికి పిలవడం రాదు, గొర్రెను అదిలించినట్టు అరిచాడు. నాయిన కట్టకు దూరంగా నిలబడి వింటున్నాడు. మా ఇంట్లో నిప్పు అడగడానికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు, మేం పోతే ఎవరూ ఇచ్చేవాళ్లు కాదు. బావి దగ్గర అమ్మ బిందె పెడితే అందరూ తమ బిందెలు జరుపుకునేవాళ్లు. "తొమ్మిదిమందిని మింగినోడు" అని పిల్లలు నాయిన వెనక పాట కట్టి పాడేవాళ్లు. ఆయన గుట్ట దగ్గర రాళ్లు కొట్టే పనికి పోయేవాడు, సాయంత్రం వచ్చి జొన్నరొట్టె, గొడ్డుకారం తినేవాడు. చేప మళ్లీ ముట్టలేదు. ఊరు ఎంత దయలేనిదో నేను ఆ ఏడే నేర్చుకున్నాను. ఆ ఊరిని నేను ఇంతవరకు క్షమించలేదు.

జములమ్మ నాతో ఆడటం మానేసింది. నేను వీధిలో కనిపిస్తే తల తిప్పుకుని పోయేది. అది రోజూ గుప్పిట్లో నా ప్రాణం పట్టుకుని తిరుగుతోందని నా భయం. చెప్పేస్తుందనే భయం ఒకటి, చెప్పేస్తే బాగుండుననే ఆశ ఒకటి. నేనే చెప్తానని ఒకరోజు నాయినతో అన్నాను. ఆయన రాళ్లు కొట్టడం ఆపకుండానే అన్నాడు: "నన్ను తిడ్తే నేను మోస్త. నిన్ను తిడ్తే నువ్వు ఏడికి పోతవ్? ఇంకోసారి గీ మాటెత్తకు." ఆ నెలలోనే మస్తాన్ చిన్నాయిన వచ్చి నన్ను వనపర్తిలో తన ఇంటికి తీసుకుపోయి బడిలో వేశాడు. ఆయన భార్య, మా చిన్నమ్మ, తన బిడ్డలతో పాటు నాకూ కంచం పెట్టింది. నేను చదువుకున్నాను, పంతులమ్మనయ్యాను. నాకు ఉద్యోగం వచ్చిన ఏడే నాయిన పోయాడు. పాడె మోయడానికి ఊళ్లో నలుగురు దొరకలేదు, మస్తాన్ చిన్నాయిన, ఆయన కొడుకులు ఇద్దరు, ఇంకెవరో రాళ్లు కొట్టే మనిషి మోశారు. అప్పుడైనా నేను ఊరి నడుమ నిలబడి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆయన మాట మీద గౌరవమని నాకు నేను చెప్పుకున్నాను, అసలు సంగతి పిరికితనం.

ట్రాక్టర్లు తిరిగిన ఆ ఎండాకాలం, తలుపులు మూసుకుని మూసుకుని విసిగిపోయి, ఒకరోజు ఆటో మాట్లాడుకుని ఊరికి పోయాను. ఊళ్లో మాకు ఇల్లు లేదు, గోడ మొదళ్లు కూడా లేవు. చెరువుకు కాలువ నీళ్లు వస్తున్నాయి, నడి ఎండాకాలం కూడా నిండుగా ఉంది, ఇక ఎండదట. ఎండకపోతే ఇడిచేదేముంది? చేపపిల్లలను సర్కారు వేస్తుంది, చేపల సంఘంవాళ్లు వలలతో పట్టి ఐసు పెట్టెల్లో సర్ది లారీకి ఎత్తుతారు. ఊతలు లేవు, కప్పుల మీద ఎండుచేపలు లేవు, వాటికి కాకులూ లేవు. తూముకు ఇనుప చక్రం పెట్టారు. నీరటి అంటే ఎవరని కట్ట మీద కూర్చున్న కుర్రవాళ్లు నన్ను అడిగారు. నాయినకు తగిలించిన తిట్టు కూడా ఆ ఊళ్లో ఎవరికీ గుర్తులేదు. అది నాకు ఊరటగా ఉండాలి, కానీ ఒళ్లు మండింది. అంత పెద్ద శిక్ష వేసినవాళ్లు దాన్ని గుర్తుపెట్టుకునే కష్టం కూడా పడలేదు.

జములమ్మ బతికే ఉంది. మనవడి ఇంటి అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది, గుర్తుపట్టాక జరిగి చోటిచ్చింది. డెబ్బై ఏళ్ల తర్వాత మొదటిసారి పక్కపక్కన కూర్చున్నాం. నేను పోయిందే అడగడానికి, ఇక నాన్చలేదు.

"జములమ్మా, ఆ పొద్దు పిలిసింది నేనని నీకెరుక. మా నాయినను గంతమంది గన్ని మాటలంటుంటే ఒక్కనాడన్న నోరు తెరువకపోతివి గదనే."

అది చింతగింజ తీసి పక్కన వేసింది. "తెరిసిన" అంది. "రాళ్లు కొట్టేకాడికి పోయి మీ నాయినకు జెప్పిన. మా అమ్మ గంపెడు సేపలు తెచ్చి దిబ్బ మీద పోసింది. సాలు తియ్యి, నీరటి ఏదో ఒర్లుతుండు అని గూసున్నది. నేనే, లచ్చీ. అగో గా పెద్దది సూడు, గదొక్కటి తే అమ్మా అని నేనే ఎంటవడ్డ. గదాని కోసమే మల్ల దిగింది."

అది ఇంకో కాయ తీసుకుంది.

"గది ఇని మీ నాయిన సుత్తె కింద పెట్టిండు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, పిలిసింది నేను బిడ్డా, నీ తప్పేం లేదు, ఎవ్వరికి జెప్పకు, ఇంటికి పో అన్నడు. లచ్చికి గూడ జెప్పొద్దన్నడు. మీ నాయిన నీదొక్కటే మోసిండనుకుంటివా?"

సుత్తె కింద పెట్టిన నాయినను తలచుకుని నేను ఏడ్చాను, అక్కడే, దాని మనవలు చూస్తుండగా. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. జములమ్మ మీద కాదు, నాయిన మీద. ఎనిమిదేళ్ల పిల్లలిద్దరికీ నోళ్లు కట్టి, బరువంతా తానొక్కడే ఎత్తుకుని, మమ్మల్ని చెరొక పక్కకు పంపేశాడు. ఒకరి గోడు ఒకరం విని ఉంటే మేమిద్దరం ఆ వీధిలో కలిసి అచ్చనగండ్లు ఆడుకుంటూ పెరిగేవాళ్లం.